వేళ్ల మీద నిమ్మచెక్క

మా ఇల్లు మగ్గాల మీద ఉంటుంది. కింద పవర్‌లూమ్ షెడ్డు, పైన రెండు గదులు. గూట్లో పళ్లాలు ఎవరూ తాకకుండానే సన్నగా మోగుతుంటాయి. అమ్మ పెళ్లయి సూరత్ వచ్చిన దగ్గర్నుంచీ ఆ చప్పుడులోనే వండింది, నన్ను కన్నది, ఆ చప్పుడులోనే నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది. ఇప్పుడు ఆమెకు ఎడమ చెవి వినపడదు. కుడి చెవిలో ఎప్పుడూ ఏదో హోరు. చెవుల డాక్టరు చుక్కల మందు రాసి, ఆ కాగితం మీద వేలు పెట్టి, "దీనివల్ల పెద్దగా లాభం లేదు. ఆ రెండో చెవైనా మిగలాలంటే ఇల్లు మారండి" అన్నాడు.

నాన్న పల్సానాలో మగ్గాల మేస్త్రీ, వారానికోసారి వస్తాడు. కాబట్టి ఇల్లు వెతికే పని నాది. నేను రింగ్ రోడ్డులో ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద చీరల డిజైన్లు వేస్తాను. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. ఇల్లు అద్దెకిస్తారా అని అడగడానికి వెళ్లి, మెట్ల దగ్గర్నుంచే వెనక్కి వచ్చిన రోజులున్నాయి. అలాంటప్పుడు నా స్నేహితురాలు, కాలేజీ నుంచీ నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు, "మా సొసైటీలో ఒక ఫ్లాట్ ఖాళీ అవుతోంది" అంది.

ఆమెది తాపీ నది అవతల ఉన్న అడాజన్. గుజరాతీ వాళ్లు, సొసైటీ అంతా శాకాహారులే. ఇంట్లో ఉల్లిపాయ కూడా కొన్ని నెలలు మానేస్తారు. కాలేజీ రోజుల్లో ఒకసారి వర్షంలో చిక్కుకుని మా ఇంటికి వచ్చింది. అమ్మ గుడ్డు కూర వండి ఉంది. ఆమె గిన్నె వైపు చూసిన చూపు చూసి అమ్మ ఏమీ అడగకుండా పళ్లెం పెట్టింది. తర్వాత ప్రతి నెలా వచ్చేది. ఊళ్లో ప్రతి మలుపులోనూ గుడ్ల బండి ఉంటుంది కానీ, అక్కడ నిలబడితే తెలిసినవాళ్లు ఎవరో ఒకరు చూస్తారు. మా మేడ మీదికి ఎవరూ రారు. తిన్నాక చేతులు సబ్బుతో కడిగి, సోంపు నమిలి, రెండు అరచేతులూ నా ముక్కు ముందు చాచేది. "చూడు, వస్తోందా?" నేను వాసన చూసి "రావట్లేదు" అన్నాకే మెట్లు దిగేది.

నన్ను పక్షుల దగ్గరికి తీసుకెళ్లింది మాత్రం మగ్గాల చప్పుడే. సెలవురోజు నిశ్శబ్దంగా ఉండే చోటు వెతుక్కుంటూ తాపీ ఒడ్డుకు వెళ్లేదాన్ని. అక్కడ చూసినవాటి పేర్లు పుస్తకాల్లో వెతికేదాన్ని. రాత్రి డైరీలో తెలుగులో రాసుకునేదాన్ని. స్నేహితురాలికి ఆ సంగతి తెలిసి వాళ్ల సొసైటీ పక్షుల గుంపులో చేర్పించింది. ఆ గుంపుకు పెద్ద, సొసైటీ సెక్రటరీ గారి భార్య. అందరూ ఆమెను భాభీ అనే పిలుస్తారు. ఆమె కెమెరా నా చెయ్యంత పొడుగు. ఫొటో తీసి, వెనక్కి తిరగకుండానే "ఇదేంటి?" అనేది. నేను వెనక నుంచి పేరు చెప్పేదాన్ని. అంతవరకే మా పరిచయం.

పోయిన ఏప్రిల్‌లో వాళ్లంతా టర్కీ తీరానికి దగ్గరగా ఉన్న ఒక గ్రీకు ద్వీపానికి వెళ్లాలనుకున్నారు. ఆఫ్రికా నుంచి ఉత్తరానికి పోయే పక్షులు వసంతంలో అక్కడ ఆగి అలసట తీర్చుకుంటాయి. ఒకరు మానుకోవడంతో ఒక చోటు మిగిలింది. స్నేహితురాలు నా కోసం పట్టుబట్టింది.

"నేను దాచుకున్నదంతా అయిపోతుంది" అన్నాను.

"అరే పిచ్చిదానా, ఫ్లాట్ ఎవరికివ్వాలో సెక్రటరీ కాకా చెప్తాడు. సెక్రటరీ కాకాకి భాభీ చెప్తుంది. వారం రోజులు భాభీ పక్కనే ఉంటావ్. ఇంతకన్నా ఏం కావాలి?"

అమ్మతో చెప్తే, "పోయి రా బిడ్డా. గా ఇల్లు దొరికితే నాకు గదే గ్రీసు" అంది.

సముద్రపు ఒడ్డున వంటగది ఉన్న ఇల్లు తీసుకున్నారు. ఒక పెట్టె నిండా థేప్లాలు, ఖాఖ్రాలు అనే గుజరాతీ రొట్టెలు, ఊరగాయలు, ఒక ప్రెషర్ కుక్కరు. నేను తెల్లారకముందే లేచి కూరగాయలు తరిగేదాన్ని, పెద్దవాళ్లకు టీ ఇచ్చేదాన్ని. భాభీ "ఎంత మంచి పిల్ల" అని మిగతావాళ్లతో అంటుంటే, మనసులో అమ్మను ఆ ఫ్లాట్‌లో కూర్చోబెట్టి చూసుకునేదాన్ని. వెనక కిటికీ, దాని బయట వేపచెట్టు, లోపల చెవుల్లో దూది లేకుండా అమ్మ.

పక్షులు కూడా అద్భుతంగా ఉన్నాయి. అది ఒప్పుకోవాలి. ఆలివ్ తోటల మీదుగా తేనెటీగల్ని పట్టి తినే పసిరిక పిట్టలు గుంపులుగా వచ్చి తీగల మీద వాలుతుంటే, వేలాడదీసిన రంగుల నూలు కండెల్లా కనిపించేవి. సముద్రం దాటొచ్చి, నేల మీద కళ్లు మూసుకుని కూర్చున్న ఒక చిన్న పిట్టను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. దానికి పేరు కూడా వెతకాలనిపించలేదు.

మూడో నాలుగో రోజు మధ్యాహ్నం అందరూ నిద్రపోతుంటే స్నేహితురాలు నన్ను తట్టి లేపింది.

"చల్, రేవు దాకా పోదాం. ఆకలేస్తోంది."

"థేప్లాలున్నాయిగా."

"ఇంకోసారి థేప్లా అన్నావంటే సముద్రంలో దూకుతా."

రేవు దగ్గర ఒక ముసలమ్మ వేలెడంత చేపల్ని బొగ్గుల మీద కాలుస్తోంది. ఆ వాసనకు నాకు నోరూరింది. మా ఇంట్లో ఆదివారాలు అదే వాసన. అయినా నేను దూరంగానే నిలబడ్డాను. స్నేహితురాలే వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చుంది, ఆమే వేలు చూపించి ఒక పళ్లెం తెప్పించింది.

"నువ్వు గుడ్డు దాకానే కదా. చేప ఎప్పట్నుంచి?"

"ఈ రోజు నుంచి. కూర్చో."

"ఎవరైనా చూస్తే? ఇల్లు..."

"చూస్తే నేను చెప్తాలే. నువ్వు నోరు విప్పకు. అది నీకు బాగా వచ్చు కదా."

ముళ్లు తీయడం ఆమెకు రాలేదు. నేనే తీసి ఇచ్చాను. ఒకే పళ్లెంలో ఇద్దరం తిన్నాం. ఎండ, ఉప్పు గాలి, ఆమె నవ్వు. ఆ కాసేపూ నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఇప్పుడు అది రాయాలంటే ఒళ్లు మండుతోంది.

రోడ్డు మలుపులో భాభీ పెద్ద టోపీ కనిపించింది. మెడలో బైనాక్యులర్స్. మమ్మల్ని వెతుక్కుంటూ వస్తోంది. స్నేహితురాలు పళ్లెం నా వైపు జరిపింది. కుర్చీ కాస్త వెనక్కి లాక్కుంది. పళ్లెంలోంచి నిమ్మచెక్క తీసుకుని బల్ల కింద వేళ్లకు రుద్దుకోవడం మొదలుపెట్టింది. ఇదంతా ఎంత త్వరగా చేసిందంటే, ముందే అనుకుని ఉందేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

"ఇక్కడున్నారా!" అంది భాభీ. తర్వాత పళ్లెం చూసింది.

"దీనికి ఆకలేసిందట భాభీ" అంది స్నేహితురాలు. "పరాయి ఊళ్లో ఒక్కదాన్ని ఎలా పంపను? తోడొచ్చాను."

"బేటా, నువ్వు ఇవి తింటావా?"

నేను స్నేహితురాలి వైపు చూశాను. ఆమె సముద్రం వైపు చూస్తోంది.

"ఇంట్లో కూడానా?"

నా వేళ్లకు ముళ్లు అంటుకుని ఉన్నాయి. భాభీ ఆమె వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది భాభీ? ఎప్పుడూ అడగలేదు."

భాభీ నా భుజం తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "తప్పేం లేదు బేటా. ఎవరి తిండి వాళ్లది" అంది, చాలా మెత్తగా.

తిరిగి వస్తుంటే స్నేహితురాలు కావాలని వెనకబడి, భాభీకి కనపడకుండా నా ముందు అరచేతులు చాచింది. "చూడు, వస్తోందా?"

ఇంత జరిగాక కూడా నేను వంగి వాసన చూశాను. నిమ్మ వాసన తప్ప ఏమీ లేదు. "రావట్లేదు" అన్నాను. తర్వాత అడిగాను, "అలా ఎందుకన్నావ్?"

"నేనూ ఇరుక్కుంటే నీ తరఫున మాట్లాడేదెవరు? ఫ్లాట్ సంగతి నాకొదిలెయ్ యార్."

నమ్మాను. నమ్మడం తప్ప నాకు వేరే ఇల్లు లేదు.

మర్నాడు పొద్దున వంటగదిలోకి వెళ్తే కత్తి అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉంది. "నువ్వు కూర్చో బేటా. రోజూ నువ్వే చేస్తావా?" అంది భాభీ. అందరికీ ఇంటివాళ్ల పింగాణీ పళ్లాలు. నాకు కాగితం పళ్లెం. ఊళ్లో కొట్టు తెరిపించి మరీ తెచ్చినట్టున్నారు. "నీకు కడిగే పని తప్పుతుంది" అని నవ్వింది. తిన్నాక ఆ పళ్లాన్ని వంటగది చెత్తబుట్టలో వేయబోతే, బయట ఉన్నదాంట్లో వేయమంది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా ఒక్క మాట కటువుగా అంటే బాగుండేది, డైరీలో రాసుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

ఆ రోజే ఉప్పు మడుల దగ్గరికి వెళ్లాం. నీళ్లలో ఒక పెద్ద బూడిదరంగు కొంగ కదలకుండా నిలబడి ఉంది. చటుక్కున వంగి చేపను పట్టింది. చేప తన్నుకుంటోంది. కొంగ దాన్ని గాలిలోకి ఎగరేసి, తల ముందుకు వచ్చేలా తిప్పుకుంది.

"ఎవరూ కదలకండి! మింగేదాకా ఎవరూ కదలకండి!" అంది భాభీ. కెమెరా టకటకమని కొట్టుకుంది. చేప కొంగ మెడలోంచి ఉబ్బుగా కిందికి జారింది. "వాహ్! ఏం అందం! ఇదేంటి?" అంది, వెనక్కి తిరగకుండా.

పేరు చెప్పాను.

"తెలుగులో ఏమంటారు?" ఎవరో అడిగారు.

"నారాయణ పక్షి."

"చూశారా, ఎంత మంచి పేరో" అంది భాభీ.

స్నేహితురాలు కూడా చప్పట్లు కొట్టింది.

మిగతా రోజులు అలాగే గడిచాయి. పేర్లు నేను చెప్పేదాన్ని, కాగితం పళ్లెంలో తినేదాన్ని. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ, "మంచిగ మాట్లాడుతుండ్రా ఆమెతోని?" అని అరిచేది. "ఆఁ, మంచిగనే ఉన్నరు" అని నేనూ అరిచేదాన్ని. పక్క గదిలో ఉన్నవాళ్లకు మా భాష రాదు కాబట్టి సరిపోయింది.

సూరత్ వచ్చిన కొన్నాళ్లకు, ఒక సాయంత్రం స్నేహితురాలు మా మెట్లెక్కి వచ్చింది. కింద మగ్గాలు నడుస్తున్నాయి. అమ్మ ఆమె ముఖం చూసి ఇల్లు ఖాయమైందనుకుందేమో, ఆ రోజు వండిన గుడ్డు కూర గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఆమె కూర్చుని తినడం మొదలుపెట్టింది. సగం తిన్నాక నా వైపు వంగి నెమ్మదిగా చెప్పింది.

"ఫ్లాట్ వేరేవాళ్లకు ఇచ్చేశారట. నేను చాలా చెప్పాను యార్. కాకా వినలేదు."

"ఏం చెప్పావ్?"

"చాలా చెప్పానన్నా కదా."

అమ్మకు పెదవులు కదలడం కనిపించింది, మాట వినపడలేదు. "ఏందంటున్నదే?" అంది, కుడి చెవి నా వైపు తిప్పి.

"ఇల్లు ఇయ్యరంట!" అని అరిచాను.

"ఏందీ?"

"ఇల్లు! ఇయ్యరంట!"

"ఎందుకంట?"

స్నేహితురాలు ఎడమచేత్తో నా మోకాలు పట్టుకుని, వద్దన్నట్టు తల ఊపింది. మా భాషలో ఆమెకు పట్టుమని పది మాటలు రావు. వచ్చినవన్నీ తిండి మాటలే. మా అమ్మే నేర్పింది.

నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. "మనం చాపలు తింటమని! గుడ్లు తింటమని!"

అమ్మ నన్ను చూసింది. తర్వాత స్నేహితురాలి పళ్లెం చూసింది. అందులో కొరికిన గుడ్డు, పచ్చసొన పులుసులో కలుస్తోంది.

"మరి గీమె?" అంది అమ్మ.

స్నేహితురాలు తల దించుకుంది, కానీ చెయ్యి పళ్లెంలోంచి తీయలేదు. అమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. కింద మగ్గాల దెబ్బకు గూట్లో పళ్లాలు మోగుతున్నాయి. చివరికి అమ్మ, పెట్టిన అన్నం మధ్యలో లాక్కోవడం చేతకాక, ఇంకో గుడ్డు వేసింది. తర్వాత లోపలికి పోయి గోడకు ఆనుకుని కూర్చుని, చెవిలో దూది పెట్టుకుంది.

స్నేహితురాలు రెండో గుడ్డు కూడా తిన్నది. చేతులు కడుక్కుంది. సబ్బు అయిపోయింది, కొత్తది ఉంది కానీ నేను తీసివ్వలేదు. సోంపు నోట్లో వేసుకుంది. మెట్ల దగ్గర ఆగి, "కోపంగా ఉన్నావా?" అంది. వెంటనే, పాత అలవాటుగా, రెండు అరచేతులూ నా ముఖం ముందు చాచింది. ఇక్కణ్ణుంచి తిన్నగా భాభీ ఇంటికే వెళ్లాలట. గ్రీసు ఫొటోలు చూడటానికి అందరూ వస్తున్నారట.

"చూడు, వస్తోందా?"

వంగి చూశాను. గోళ్ల సందుల్లో పసుపు. అమ్మ నూరిన మసాలా, ఉల్లిపాయ, గుడ్డు, అన్నీ వస్తున్నాయి.

"రావట్లేదు" అన్నాను.