ఆషాఢంలో వజ్ర పరీక్ష

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది. కొత్త ఉద్యోగం, కొత్త పెళ్ళాం, చేతిలో కొత్త ఫోను. ఈ మూడూ ఒకే ఏడాది దొరికిన మగవాడు నోరు మూసుకుని కూర్చుంటాడని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ అమాయకత్వం. రాయగడ దగ్గర తెరుబలి ఫ్యాక్టరీలో, కొలిమిలోంచి వచ్చిన లోహాన్ని పరీక్షించే ల్యాబులో నా పని. రోజంతా ఏదో ఒక ముక్కని పగలగొట్టడం, పొడి చెయ్యడం, ఇది మొదటి రకం, ఇది రెండో రకం అని తేల్చడం. ఆ జబ్బు ఇంటిదాకా వచ్చింది. కందిపప్పు, కాఫీపొడి, చివరికి మా ఆవిడ వాకిట్లో వేసిన ముగ్గుతో సహా నేను రకం తేల్చని వస్తువు మా క్వార్టర్లో లేదు. (మా ఆవిడ నాకు ‘ల్యాబు’ అని పేరు పెట్టింది. ముద్దుగా పెట్టిందనే చాలాకాలం అనుకున్నాను.)

అలా తేల్చుకుంటూ తేల్చుకుంటూ ఒకరోజు ఆవిడ వేలిదాకా వచ్చాను. ఆ వేలికి మా మామగారు పెళ్ళిలో పెట్టిన వజ్రపు ఉంగరం ఉంది. మామగారు రైల్వేలో సిగ్నల్ దీపాలు చూసుకునే ఉద్యోగం చేసి, రిటైరై, కోరాపుట్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండే మనిషి. పెళ్ళి మొత్తం మీద ఆయన గట్టిగా అన్న మాట ఒక్కటే, “అర క్యారెట్టండి!” అని. ఆ మాట అన్నప్పుడు ఆయన మెడ కొంచెం పొడుగైంది కూడా. అంతటి రాయి మా ఆవిడ వేలిమీద మాత్రం కలకండ పలుకులా నిద్రపోతూ ఉండేది. ఎందుకా అని ఫోను తెరిచాను. వారం తిరక్కుండా వజ్రాల పండితుణ్ణయిపోయాను.

సంగతేమిటంటే, వజ్రానికి అందం తూకంలో లేదు, కోతలో ఉంది. సరిగ్గా కోస్తే పైనుంచి పడ్డ వెలుతురు లోపల అటూ ఇటూ తిరిగి మళ్ళీ మన కంటికే వస్తుంది. కొందరు తూకం పోకూడదని రాయికి అడుగున పొట్ట వదిలేస్తారు. అప్పుడు వెలుతురు అడుగునుంచి కారిపోతుంది, బరువంతా కిందెక్కడో దాక్కుంటుంది. లోతు గిన్నెలో కూర ఎంత పోసినా పైకి కొంచెంగానే కనబడుతుంది చూడండి, అదే లెక్క. ఇదంతా మా ఆవిడకి గిన్నె, గరిటె పెట్టి మరీ బోధించాను. “అయితే ఇది మార్చేద్దాం పదండి” అందావిడ, గరిటె లాక్కుని. (ఉపన్యాసం ఆపడానికి అందో, నిజంగానే ముచ్చటపడిందో నేటికీ చెప్పలేను.)

రాయగడలో నగల కొట్టుకి వెళ్ళాం. కొట్టాయన పాత రాయిని భూతద్దంలో చూసి, కోత బాగోలేదు కాబట్టి అంత తూకానికి రావలసిన ధర రాదన్నాడు. నేను మా ఆవిడ వైపు, చెప్పానా, అన్నట్టు చూశాను. పాతది అర క్యారెట్టు, అంటే యాభై సెంట్లు. దానికి పైన డబ్బు కలిపి, నలభై సెంట్ల రాయి తీసుకున్నాం. తూకం తగ్గింది, పైకి కనబడే వెడల్పు మాత్రం అంతే ఉంది. మెరుపు ఎంతంటే, కొట్టు బయట మబ్బు వెలుతుర్లో కూడా అది కళ్ళు ఆర్పుతూనే ఉంది. ఇంటికొచ్చే దారంతా మా ఆవిడ ఆ చేత్తోటే జుట్టు సర్దుకుంది.

ఆషాఢం వచ్చింది, మా ఆవిడ కోరాపుట్ పుట్టింటికి వెళ్ళింది. నాలుగోరోజు ఫోను. “నాన్న ఉంగరం చూసినప్పట్నుంచీ మాట్లాడ్డం లేదండీ” అంది. ఈలోగా అత్తగారు ఫోను అందుకున్నారు. “బాబూ, పది సెంట్లు తగ్గించుకుని, మళ్ళీ పైన డబ్బులిచ్చి వచ్చేరట గదా! ఎవుడు బాబూ మిమ్మల్నలగ మోసం సేసినోడు?” అన్నారు, జాలిగా. ఆవిడ కోపపడినా బాగుండేది. మా వాళ్ళలో నగ మార్చడమంటే తూకం పెరగడమే, తూకం తగ్గించుకుని సొమ్ము ఎదురిచ్చిన వాడికి తెలివితక్కువ దద్దమ్మ అని పేరు. మామగారి దృష్టిలో నేను ఏ రకం కింద తేలానో తలుచుకుంటే అన్నం సయించలేదు. పెళ్ళయిన మొదటి ఏడాదే మామగారి దగ్గర చులకనైతే ఇంక జన్మంతా చులకనే. ఆదివారం తెరుబలిలో రైలెక్కాను.

ఎక్కినవాడికి ఒక్క సంగతి గుర్తులేదు. తొలి ఆషాఢంలో అల్లుడు అత్తవారి గడప దాటకూడదు. గేటు తియ్యబోతూంటే అత్తగారు “అయ్యో బాబూ, ఆగండాగండి!” అని చేతులు అడ్డం పెట్టారు. గడప అంటే గుమ్మమే కదా, గేటు కాదు కదా అని వాదించాను. గడప ఎక్కడ మొదలవుతుందో తేల్చడానికి ఎదురింటి ఒరియా పిన్నిగారు కూడా వచ్చారు. ఇద్దరూ కలిసి గేటు కూడా గడపేనని తీర్పిచ్చారు. “జ్వాయి బాబు, బొసొ, బొసొ” అంటూ పిన్నిగారు రోడ్డు పక్కన నాకో కుర్చీ వేశారు. (ఒరియాలో అల్లుణ్ణి జ్వాయి అంటారు. ఆ పూట కాలనీ అంతా ఆ పేరుతోనే పిలుస్తూ నన్ను చూడ్డానికి వచ్చింది.) మామగారు వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి తల ఊపారు, పేపరు దించలేదు.

నేను పరీక్ష ప్రకటించాను. కూతురి ఉంగరం, తల్లి ముక్కుపుడక పక్కపక్కన పెట్టి ఎండలో చూద్దాం, ఏది మెరుస్తుందో లోకమే చెప్తుంది అన్నాను. అత్తగారి ముక్కుపుడక శనగబద్దంత ఉంటుంది, దాని నిద్ర కూడా పాత ఉంగరం నిద్రలాంటిదే. లోపం ఒక్కటే, ఎండ లేదు. కోరాపుట్‌లో ఆషాఢమాసపు ఎండ కోసం చూసిన మేధావిని నేనొక్కణ్ణే అయ్యుంటాను. పొగమంచు గేటుదాకా వచ్చి నాతోపాటే ఆగింది. గొడుగు కింద కూర్చున్నాను. గేటు మీంచి ఉప్మా వచ్చింది, టీ వచ్చింది, మళ్ళీ టీ వచ్చింది. “ఏటి బాబూ, ఇంట్లో ఎవులూ లేరేటి?” అని దారినపోయే ప్రతివాళ్ళూ అడిగారు. మా ఆవిడ గేటు అవతల నిలబడి “వెళ్ళిపోండి, జలుబు చేస్తుంది” అంది. శాస్త్రం నిలబెట్టందే కదలనన్నాను.

మధ్యాహ్నానికి కొండమీది మబ్బు విడి, కాస్త ఎండ పడింది. “రండి, రండి!” అని కేకేశాను. ముక్కుపుడక మర బిగిసిపోయి ఊడి రాదు కాబట్టి అత్తగారు గేటు మీంచి ముఖమే బయటికి చాపారు. ఆ ముక్కు పక్కన మా ఆవిడ వేలు పెట్టింది. ఉంగరం భగ్గుమంది. నీలం, ఎరుపు, పసుపు నిప్పురవ్వలు అత్తగారి బుగ్గ మీద పరుగులు తీశాయి. ముక్కుపుడక మాత్రం చలనం లేకుండా పడుకుంది. గెలిచాను! నోరు తెరవబోయాను.

“నాదెలగుంది బాబూ?” అన్నారు అత్తగారు, తన ముక్కు తనకి కనబడక. “అమ్మి పుట్టినప్పుడు ఈయన రాత్రి డ్యూటీలు సేసి జతగా కొన్నారు బాబూ, రెండు రాళ్ళు. ఒకటి నా ముక్కుకెట్టేరు. రెండోది దాని పెళ్ళికని బీరువాలో దాసేరు.”

ఆ రెండోదాన్నే నేను కొట్లో ఇచ్చేసి వచ్చాను. మా ఆవిడ ముఖం చూస్తే ఆవిడకీ ఈ సంగతి అప్పుడే తెలిసినట్టుంది. వరండాలో పేపరు కిందికి దిగింది. మామగారు కళ్ళజోడు తీసి నావైపే చూస్తున్నారు, పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసే పిల్లాడిలా. “రెండూ ఒక్కలాగే ఉన్నాయండీ. తేడా ఏమీ లేదు” అన్నాను. నా ఉద్యోగ జీవితంలో నేనిచ్చిన తొలి దొంగ ఫలితం అది.

అంతా బాగానే సర్దుకునేది గాని, పిన్నిగారున్నారే! “నాయ్ నాయ్, ఝిఅర్‌టా బేసి చొక్‌చొక్!” అని అరిచారు, కూతురిదే ఎక్కువ మెరుస్తోందని. ఏ మాట నిరూపిద్దామని పొద్దుట్నుంచీ రోడ్డుమీద కూర్చున్నానో, ఆ మాట వినబడితే పారిపోవాలనిపించింది. అత్తగారే ఆదుకున్నారు. “మెరవదా మరి? దాని ఏలు ఎప్పుడైనా పోపు సెగ సూసిందేటి? నా ముక్కు పాతికేళ్ళబట్టీ పొయ్యి మీదే ఉంది!” అన్నారు. అందరం నవ్వాం, అవసరమైనదానికంటే గట్టిగా నవ్వాం.

సాయంత్రం మామగారు గొడుగు పట్టుకుని స్టేషనుదాకా వచ్చారు. రైలు కనబడ్డాక నోరు విప్పారు. “అల్లుడుగారూ, దీపాలతో బతికినోణ్ణండి. ఆ రాళ్ళలో ఎలుగు లేదని కొన్న నెలకే తెల్సిపోనాది నాకు. ఆవిడ అద్దంలో సూసుకుని మురిసిపోతంటే సెప్పలేకపోయేను. మీ కొత్త ఉంగరం సూడగానే, ఇంక నా గుట్టు బయటపడిపోద్దని బయమేసిందండి. తప్పుగా అనుకోకండి.” అదీ ఆయన మౌనం వెనక సంగతి. నన్ను దద్దమ్మ అనుకోలేదు, పాపం, నా తెలివికి భయపడ్డారు. రైలెక్కాక నాకు ఏడుపొచ్చింది, సొరంగాల్లో ఎవరూ చూడలేదు.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. మొన్న కోరాపుట్ వెళ్ళినప్పుడు, మామగారు సంతకి వెళ్ళిన సమయం చూసి, భోజనం చేస్తూ, “అత్తగారూ, మీ ముక్కుపుడక కూడా మార్పిద్దామా? మంచి కోతవి వస్తున్నాయి” అన్నాను. ఆవిడ గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు. “వద్దు బాబూ. ఇది మెరవదని నాకెప్పుడో తెల్సు. మార్చేస్తే, నాకు తెల్సన్న సంగతి ఈయనకి తెలిసిపోద్ది.”

ఆ పాత కుర్రాడైతే వెంటనే ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, నిజం తేల్చి, ఉపన్యాసం ఇచ్చి ఉండేవాడు. పాపం, మంచివాడే, కానీ ఏమీ తెలియదు. నేను మాత్రం ఇంకాస్త పప్పు వడ్డించమన్నాను.