ఆరనంటే ఆరనన్న ఎర్ర లైటు

ఆ రోజుల్లో తార్నాకలో ఒకరింట్లో కారుంటే వీధి మొత్తానికీ కారున్నట్టే. పురుళ్ళకూ, పెళ్ళిచూపులకూ, స్టేషనుకూ అదే వెళ్ళేది. అందుకు బదులుగా అది ఆగిపోయినప్పుడు తోయడానికి వీధి మొత్తం వచ్చేది. యూనివర్సిటీలో లెక్చరరైన మా నాన్న కొన్న కారు అప్పటికే ముగ్గురి చేతులు మారింది (దాని రంగేమిటంటే ఇంట్లోనే నాలుగు అభిప్రాయాలుండేవి). నేను అదే యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివేదాన్ని. అంటే, ప్రపంచంలో నాకు తెలియని విషయమంటూ లేదన్నమాట.

ఆ దసరా నాటికి నా ప్రాణమంతా రాబోయే సోమవారం మీదే ఉంది. ఆ రోజు నాకు డ్రైవింగు పరీక్ష. ఆడపిల్లకు స్టీరింగేమిటని ముక్కున వేలేసుకున్న బంధువులందరితోనూ విడివిడిగా పోట్లాడి, క్యాంపస్ రోడ్ల మీద ఆరు నెలలు నేర్చుకుని సంపాదించిన సోమవారం అది. అలాంటిది పండగనాడు నాయనమ్మ కారుకు పూజ చేస్తూ బానెట్టు మీద బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే ఊరుకోవచ్చు కదా! నా నోరు ఊరుకోదే. "ప్రాణం ఇంజిన్లో ఉంటే రేకుకు బొట్టు పెడతావేంటి నాయనమ్మా? జ్వరమొస్తే చొక్కాకు మందు రాస్తామా?" అన్నాను. "చదువుకున్నదానివి, నువ్వే పెట్టవే," అంది ఆవిడ. పెట్టాను. బానెట్టెత్తి, పసుపును నువ్వుల నూనెలో కలిపి, "ఇదిగో డైనమో, కరెంటు పుట్టించేది, ఇదే అమ్మవారు. ఇది ఫ్యాన్ బెల్టు, అమ్మవారి వడ్డాణం," అంటూ బెల్టుకు లోపలా బయటా దట్టంగా పట్టించి, చివర్న డైనమో మీద నా అరచేతి ముద్ర వేశాను. నాయనమ్మ నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు, గురువారం, డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. బండి స్టార్టు కాగానే ఆరిపోవలసిన లైటు అది. ఆరకపోతే బ్యాటరీకి కరెంటు అందడం లేదని అర్థం. "ఆరుతుందిలే," అని నాన్న బయల్దేరారు. మధ్యాహ్నానికి బ్యాటరీ చచ్చి, తార్నాక చౌరస్తాలో ఆయన శిష్యులే ఆయన్ని ఇంటిదాకా తోసుకొచ్చారు. నాన్న మొహం చూస్తేనే తెలిసింది, నా పని అయిపోయిందని.

"ఆదివారం సాయంత్రానికి ఆ లైటు ఆరకపోతే బౌద్ధనగర్ డాక్టరు గారికి బండి ఇచ్చేస్తాను. ఎప్పట్నుంచో అడుగుతున్నారు," అన్నారు నాన్న.

"మరి నా సోమవారం?"

"సోమవారం బస్సెక్కి కాలేజీకెళ్ళు."

ఇక మూడు రోజులు నేను పడ్డ నరకం పగవాళ్ళకు కూడా వద్దు. ఎదురింట్లో ఉండే యూనివర్సిటీ రీడరు గారు (మేం చాటుగా సిద్ధాంతం గారనేవాళ్ళం) లోపం బ్యాటరీకి వెళ్ళే కరెంటును అదుపుచేసే రెగ్యులేటరులో ఉందన్నారు. నాయనమ్మ దిష్టి అంది. ఇద్దరితోనూ వాదించాను. లాబ్ నుంచి వోల్టుమీటరు తెచ్చాను. బల్బు మార్చాను, వైర్లన్నీ ఊడదీసి బిగించాను, రెగ్యులేటరుకు గరుకు కాగితం పట్టాను, బ్యాటరీకి ఛార్జి పెట్టించాను. ప్రతిసారీ స్టార్టు చేయడం, ఆ లైటు నావైపే కన్నార్పకుండా చూడడం. బండి కీచుమని అరుస్తుంటే లోపల ఎలుకలు దూరాయని అందరం తీర్మానించాం. బెల్టు దగ్గర పసుపు కనబడలేదా అంటే, రోజూ కనబడింది. పూజ పసుపుకూ విద్యుత్తుకూ సంబంధమేమిటని, సైన్సు చదివినదాన్ని కనుక, దాన్ని దాటి వైర్లే చూసుకున్నాను. ఆదివారం పొద్దున స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆ స్టీరింగును మళ్ళీ పట్టుకోనని నాకు నమ్మకం కుదిరింది.

అప్పుడు నాన్న, అమ్మేముందు చివరిసారిగా, మెట్టుగూడ నుంచి రైల్వే మామను పిలిపించారు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి, ఆదివారాలు కార్లు బాగుచేసే పెద్దాయన.

"ఎన్ని దినాలసంది గిట్లున్నది బిడ్డా?" అన్నాడు. నేను కాగితం మీద సర్క్యూటు గీసిచ్చి, పావుగంట వివరించాను. శ్రద్ధగా విన్నాడు.

"మంచిగ గీసినవ్. గిండ్ల బెల్టు యాడున్నది?"

"ఇది ఎలక్ట్రికల్ సమస్య మామా, బెల్టుతో పనేముంది?"

"అరె, డైనమోను తిప్పేదెవరు మరి? మీ యూనివర్సిటోళ్ళా?"

ఆయన బెల్టు మీద వేలు రుద్ది వాసన చూశాడు. "నువ్వుల నూనె! దీనికి తలంటు పోసిన్రా ఏంది? జారుతుంటే డైనమో ఎట్ల తిరుగుతది?" అని వంగి, డైనమో మీద అయిదు వేళ్ళ ముద్ర చూశాడు. అరుగు మీదున్న నాయనమ్మ చిన్న చేతుల్ని చూశాడు. నా చేతుల్ని చూశాడు. నేను వెనక్కి దాచుకున్నాను.

ఈలోగా నాన్న వచ్చారు. "బెల్టుకు నూనె ఎవరు పూశారు?"

"నేనే రా," అంది నాయనమ్మ, నేను నోరు తెరిచేలోగా. "ముసలిదాన్ని, తెలీక పూశాను."

నాన్న ఆవిడ చాదస్తం మీద క్లాసు తీసుకున్నారు. రైల్వే మామ గుడ్డతో ఆ అరచేతి ముద్ర తుడిచేశాడు. తర్వాత పెట్రోలుతో బెల్టు కడిగి, బిగించి, నాన్న జేబులోంచి సుద్దముక్క అడిగి తీసుకుని, జారకుండా దాని మీద రుద్దాడు. స్టార్టు చేస్తే ఎర్ర లైటు వెలిగింది, ఆరింది. అంత సులువుగా ఆరితే కోపమొస్తుందని నాకప్పుడే తెలిసింది.

సోమవారం పరీక్ష పాసై వచ్చి, నాయనమ్మను మొదటిసారి ముందు సీట్లో కూర్చోబెట్టుకుని రామంతాపూర్ దాకా తీసుకెళ్ళాను. దారిలో చెప్పబోయాను, నాన్నతో నిజం చెప్పేస్తానని. "రోడ్డు చూసి నడపవే," అంది ఆవిడ. ఇంతమందితో ఇన్ని వాదాలు గెలిచినదాన్ని, ఆ ఒక్క మాట మాత్రం నాన్నతో ఎప్పటికీ అనలేకపోయాను.

ఇప్పుడు దసరాకు మా కారుకు బొట్టు బానెట్టు మీదే పెడతాను. మొన్న మా అమ్మాయి, అచ్చం నా నోరే, "ఇంజిన్‌కు పెట్టవేంటమ్మా? ప్రాణం అక్కడే కదా!" అంది. "రేకు చాల్లేవే. లోపల పెట్టాల్సింది నేనెప్పుడో పెట్టేశాను," అన్నాను. అదేమిటని అది వాదనకు దిగింది. నేను చేతికంటిన పసుపును కొంగుకు తుడుచుకున్నాను.