చప్పిడి పత్యం

హైదరాబాదులో ఒక దవాఖాన ల్యాబులో ఇరవై ఏళ్లు పనిచేశాను. మనసు చెదిరిన రోగులకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రక్తం తీసి, అందులో కార్టిసాల్ ఎంతుందో కొలవడం నా పని. మూత్రపిండాల మీద కూర్చునే రెండు చిన్న గ్రంథులు దాన్ని తయారుచేస్తాయి. భయం మీద పడినప్పుడు ఒంటిని నిలబెట్టేది అదే. ఆ పరిశోధన చేయించే డాక్టరమ్మ ఒకరోజు మాకు చెప్పింది: ఆ గ్రంథులు పాడైతే మనిషి నల్లబడతాడు, సొమ్మసిల్లుతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, ఒంట్లో ఉప్పు నిలవక దాని కోసం అల్లాడతాడు. చాలామంది దాన్ని పిచ్చి అనుకుంటారట. నేను బయటికి వెళ్లి గోడకు ఆనుకున్నాను. ఆమె చెప్పిందంతా మా అవ్వ గురించే, నన్ను కన్నతల్లి గురించే.

సాయుధ పోరాటం నాటి మాట. జనగామ దగ్గరి పల్లె మాది. నాయిన సంఘంలో చేరి కాటారం వైపు అడవుల్లోకి వెళ్లిపోయాడు. ఆయన జాడ చెప్పమని అవ్వను పోలీసు క్యాంపులో రెండు రోజులు కూర్చోబెట్టారు. అప్పటికే ఆమె చిక్కిపోయి ఉంది. అరచేతి గీతలు నల్లబడితే ఎండలో కూలి పని అనుకున్నాం. క్యాంపు నుంచి వచ్చాక లేవలేకపోయింది. ఎవరో వస్తున్నారని గోడలతో మాట్లాడేది. ఉప్పు కుండలో చెయ్యి పెట్టి గల్లుప్పు నాకేది.

"దీనికి గాలి సోకింది" అంది నాయినమ్మ. డోర్నకల్ దవాఖానకు రైలెక్కుదామంటే స్టేషన్లో పోలీసులు. చివరికి మానుకోట వైపు నుంచి ఒక వైద్యుడిని పిలిపించారు. ఆయన అవ్వ చేతికి వేరు కట్టి, నలభై రోజులు చప్పిడి కూడే పెట్టమన్నాడు.

"ఉప్పు ముడితే మందు పనిజెయ్యది. అడిగేది గాలి, మనిషి గాదు" అన్నాడు.

నాయినమ్మకు చూపు ఆనదు. కాపలా నా మీద పడింది. పన్నెండేళ్లకే నేను మొండిఘటాన్ని. ఉప్పు కుండ పక్కింటికి చేర్చాను, తొక్కు జాడీ అటకెక్కించాను. ఒకరోజు అవ్వ నన్ను దగ్గరికి లాక్కుంటే ముద్దు పెడుతుందనుకున్నాను. నా మెడ మీది చెమట నాకింది. అసహ్యమేసి తోసేశాను.

"బిడ్డా, జర్రంత ఉప్పెయ్యి. నీ కాల్మొక్కుత" అంది.

"నలభై దినాలే గదవ్వా, జర ఓర్సుకో" అన్నాను.

ల్యాబులో ఇదంతా చెబితే, ఆ రోగానికి మందు అప్పట్లో మీ ఊళ్లో ఎక్కడిదని డాక్టరమ్మ నన్ను ఓదార్చింది. మందు లేదు సరే, ఉప్పుంది కదా. ఒక చిటికెడు వేసి ఉంటే ఇంకో నెల ఉండేదేమో, నాయినను చూసుకునేదేమో. ఇప్పుడేం అనుకున్నా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

పత్యం మొదలైన తొమ్మిదో రోజు మధ్యాహ్నం అవ్వ ప్రాణం పోయింది. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు. ఒకామె నన్ను పొట్టకు హత్తుకుని అందరికీ వినబడేలా చెప్పింది.

"పోరి ఒక్క పూట గూడ పత్యం తప్పనియ్యలె. తల్లికి గింత సేవ జేసిన బిడ్డను నేన్ సూడలె."

ఏడుస్తూనే ఉన్నాను. అయినా ఆ మాటకు నాకు గర్వంగా అనిపించింది.