తెల్లబడిన ప్రధానపు ఉంగరం

మా క్రైస్తవులకు శకునాలు లేవు. ఉన్నవాటిని శకునాలని పిలవం, అంతే. ప్రధానం రోజు పెట్టిన ఉంగరం పెళ్ళయ్యేదాకా వేలి నుంచి తీయకూడదన్నది అలాంటిదే. ఎందుకని అడిగితే అమ్మ, "బైబిల్లో లేదులే గానీ, తీయొద్దు" అనేది.

అరవైల మొదట్లో సంగతి. నేను నెల్లూరులో బీఎస్సీ చదువుతూ, సెలవులకు బోగోలు దగ్గర మా ఊరికి వచ్చి ఉన్నాను. అప్పటికే ప్రధానం అయిపోయిన అక్క కావలిలో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేది. ఒక శుక్రవారం బడిలో బారోమీటరు పగిలి పాదరసం గచ్చు మీద పరుచుకుంది. పిల్లలు దానితో గోళీలాడేలోపల అక్క చేత్తోనే పోగుచేసి సీసాలో పోసింది. ఉంగరం మాత్రం తీయలేదు. తీయకూడదు కదా.

ఇంటికొచ్చేసరికి ఉంగరం మీద ఒక పక్క తెల్లటి మచ్చ, వెన్నెల ముక్క అంటుకున్నట్టు. అక్క కొంగుతో తుడిచింది. చింతపండుతో తోమింది. మచ్చ మర్యాదగా అక్కడే ఉంది.

ఆ సాయంత్రం వసారాలో కూర్చుని ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. సరుగుడు తోటల మీదుగా సముద్రపు గాలి వస్తోంది. పాదరసం తాకని చోట కూడా బంగారం మెల్లగా పాలిపోతోంది. చూస్తుంటే కదలదు. చూపు తిప్పి మళ్ళీ చూస్తే కొంచెం ముందుకు వచ్చి ఉంటుంది. లోహమంటే గట్టిదనుకుంటాం. అణువులు మాత్రం మొదట పైపైన పాకుతాయి, తర్వాత సందు చూసుకుని లోపలికి దిగుతాయి, ఒకదాని చోట్లోకి ఒకటి సర్దుకుంటూ, తొందరేమీ లేకుండా. ఆ మసక వెలుతురులో ఉంగరం నాకు ఒక నిద్రపోతున్న ఊరిలా కనిపించింది. వీధి తర్వాత వీధిలోకి వెన్నెల పాకుతున్న ఊరు.

"ఇది ఇంకా నడస్తానే ఉందిరా," అంది అక్క.

"నడస్తది. చోటు దొరికేదాకా."

"ఆపేదెట్టా?"

"అది మాకు కాలేజీలో వచ్చే ఏడు చెప్తారంట."

నిజానికి మందు తెలుసు. కంసాలి ఆరుబయట, పొగ తగలకుండా కాలిస్తే పాదరసం ఆవిరైపోతుంది. దానికి ముందు ఉంగరం తీయాలి. "తీస్తే సంబంధం తీసినట్టే," అంది అమ్మ. ఆదివారం పెళ్ళికొడుకు తల్లి వస్తానని కబురు చేసింది. ఉద్యోగం చేసే కోడలంటే ఆమెకు మొదటినుంచీ కొంచెం అనుమానం. అక్కకు పెళ్ళికొడుకంటే ఇష్టం. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అన్నం సరిగ్గా తినలేదు, అంతే.

ఆదివారానికి ఉంగరం పూర్తిగా తెల్లబడింది. "చెయ్యి కొంగు కింద పెట్టుకో మే," అని అమ్మ నేర్పింది. గుడిలో ఆరాధన అయ్యాక ఇంటికి వచ్చిన పెద్దామె నేరుగా ఆ చెయ్యే అందుకుంది.

"ఏంది పాపా, మేం పెట్టింది బంగారమే గదా?"

నేను రసాయనశాస్త్రం ఎత్తుకోబోయాను. అమ్మ నా కాలు తొక్కింది.

"పాదరసం తగిలిందత్తా," అంది అక్క. "పిల్లోళ్ళు నోట్లో పెట్టుకుంటారేమోనని చేత్తో ఎత్తినా. ఉంగరం తీయకూడదన్నారని తీయలేదు."

ఆమె ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పి వేలి నుంచి లాగేసింది. అమ్మ గోడకు ఆనుకుంది. అక్క తన వట్టి వేలినే చూస్తూ నిలబడింది.

అప్పుడు పెద్దామె తన ఉంగరం తీసి ఆ వేలికి తొడిగింది.

"వట్టి వేలుతో ఉండబాకమ్మా. నీది కాల్పించి తెస్తా. అందాకా నాది నీ దగ్గరుంటది."

అక్క ఉంగరం పచ్చగానే తిరిగివచ్చింది, కాస్త గరుకుగా, మెరుపు తగ్గి. పెళ్ళి దానితోనే జరిగింది. అత్తగారి ఉంగరం అత్తగారికి చేరింది. అప్పటికి దాని అంచున ఆవగింజంత తెలుపు లేచి ఉంది. అక్క గోటి సందున ఎక్కడో మిగిలిన పాదరసం చేసిన పని. దాన్నీ కాల్పిద్దామని అక్క ఎన్నిసార్లు అడిగినా ఆమె వేలి నుంచి తీయలేదు.

"ఉండనీ మే," అనేది. "నీ దగ్గర్నుంచే గదా వచ్చింది."