తొలి ముక్క గుళవ్యాదే

రాధానగరి దారిలో బస్సు చెడిపోయింది. దిగినవాళ్ళు గట్టు మీద కూలబడి సద్దిమూటలు విప్పుకుంటున్నారు. హిందూరావ్ చౌగులే మాత్రం బొటనవేలంత జొన్నరొట్టె ముక్కను నములుతూ రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. ముక్కకు ముప్పైసార్లు నమలాలి. తిన్న అరగంట వరకు నీళ్ళు ముట్టకూడదు. పదకొండేళ్ళ కిందట పుణేలో నూట ముప్పై రెండు కిలోల మనిషిని కోసి, కడుపును కోడిగుడ్డంత చేసి, ఈ నియమాలు చేతిలో పెట్టి పంపించారు.

మోటారు సైకిలొకటి ముందుకు పోయి, ఆగి, వెనక్కి వచ్చింది.

"మొహం తెలియడం లేదుగానీ ఆ కాళ్ళు ఎడం చేసి నడిచే నడక హిందూరావుదే" అన్నాడు బండి మీది మనిషి. అతను బెల్లం బట్టీ యజమాని, పేరు బాళాసో నలవడే. కొవ్వు పోయినా నడక పోదు కదా.

"నేనే."

"సగం మనిషిని ఎక్కడ పారేసొచ్చావయ్యా? జబ్బా?"

"జబ్బే వదిలింది."

"సరే ఎక్కు. మా గుళవ్యా నిన్న కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇవాళే మొదటి పెనం. రసం తోడేసి కూర్చున్నాం."

బెల్లం పాకం పట్టే గుళవ్యా లేని బట్టీ పూజారి లేని గుడి. పాకం ఎప్పుడు దించాలో వాడికే తెలుసు. ఒక్క నిమిషం ఆలస్యమైతే బెల్లం నల్లబడుతుంది, ఒక్క నిమిషం తొందరపడితే జావ. హిందూరావు సంచితో సహా ఎక్కాడు.

ఈ ఏడాది అతనికిది మూడో బట్టీ. ఎక్కడా పట్టుమని పది రోజులు నిలవలేదు. మనిషి ఆకలి గురించి కావ్యాలు రాశాడుగానీ, ఆకలే లేకుండా పోయినవాడి గోడు ఎవరూ రాసినట్టు లేదు. ఆపరేషన్ తర్వాత రెండేళ్ళు అతనికి ఆకలన్నదే తెలియలేదు. తర్వాత అది దొంగలా తిరిగొచ్చింది. పోయిన బరువులో పద్నాలుగు కిలోలు కూడా వెంటబెట్టుకొచ్చింది. చంకల కింద చర్మం ఖాళీ సంచుల్లా వేలాడుతోంది. నెలకొక సూది, రోజూ గుప్పెడు మాత్రలు. భార్య సులాబాయి ఒకటే మాట అంటుంది: "అప్పుడూ నీ పళ్ళెం చూసే భయపడ్డాను, ఇప్పుడూ నీ పళ్ళెం చూసే భయపడుతున్నాను."

అన్నిటికంటే పెద్ద చిక్కు తీపి. నిమ్మకాయంత బెల్లం లోపలికి వెళ్ళిందా, పావుగంటలో గుండె దడదడలాడుతుంది, చెమటలు కారిపోతాయి, నేల వాలిపోతుంది. ఒక బట్టీలో ఆ సంగతి నిజాయితీగా చెప్పుకున్నాడు. "తినలేనివాడు పాకమేం పడతాడు?" అని యజమాని పంపించేశాడు. ఆ కబురు మూడు ఊళ్ళు తిరిగింది. అప్పటినుంచి నోరు విప్పలేదు.

పనికి అతనికి నాలుకతో అవసరం లేదు. బెండ మొక్కల జిగురు పోసి మడ్డి తీశాడు. చిటికెడు సున్నం వేశాడు. బుడగలు చూశాడు, వాటి చప్పుడు విన్నాడు. చన్నీళ్ళలో పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి, చెక్క మీద విసిరితే ఠక్కుమంది. దించమన్నాడు. సాయంత్రానికి అచ్చుల్లో బెల్లం తేనెరంగు తేలింది.

బాళాసో తల్లి, అందరూ ఆజీ అని పిలిచే ముసలామె, తొలి ముక్క పగలగొట్టి అరిటాకులో పెట్టి తెచ్చింది. చెరుకు కొట్టేవాళ్ళు పిల్లాజెల్లాతో చుట్టూ నిలబడ్డారు.

"తిను నాయనా. నువ్వు తింటేగాని మాకెవరికీ లేదు."

"కాసేపాగి తింటాను ఆజీ. ఆవిరికి గొంతు పట్టేసింది."

"గొంతు పట్టిందా, గుట్టు పట్టిందా?" అన్నాడు కిసన్ అనే కూలీ. "పాకంలో తెల్ల బస్తా ఏదైనా వొలికిందేమో."

నవ్వులు లేచాయి. బాళాసో నవ్వలేదు. చక్కెర కలిపినవాడు తన బెల్లం తాను తినడని ఆ పల్లెల్లో నమ్మకం.

"మధ్యాహ్నం నేను ఊళ్ళోకి వెళ్ళినప్పుడు పెనం దగ్గర నువ్వొక్కడివే ఉన్నావు. నాన్న పేరు మీద అమ్మే బెల్లమిది, హిందూరావ్. కలిపావా?"

కడుపు కోయించుకున్నాను, నాకు తీపి పడదు. ఆ ఒక్క మాట చాలు. దొంగ అన్న పేరు పోతుంది, దానితోపాటు గుళవ్యా అన్న పేరూ పోతుంది. ముప్పై ఏళ్ళుగా వేళ్ళు కాల్చుకుని సంపాదించింది ఆ ఒక్క పేరే.

ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. చిన్నది కాదు. ముప్పైసార్లు నమల్లేదు కూడా. ముందు పొగ వాసన తగిలింది, తర్వాత చెరుకు వేళ్ళ దగ్గరి ఉప్పదనం, ఆ తర్వాత తీపి, వెల్లువలా. ఎన్నేళ్ళయిందో తన చేతి బెల్లం తాను తిని. కళ్ళు మూసుకున్నాడు.

"సున్నం పిసరంత ఎక్కువైంది" అన్నాడు.

"విన్నావా, తన బెల్లానికే వంక పెడుతున్నాడు" అంది ఆజీ సంబరంగా. "ఈ చెయ్యిని వదలకురా బాళా."

"రేపు నీ ఇష్టం వచ్చినట్టు వెయ్యి మామా" అన్నాడు బాళాసో, సిగ్గుపడుతూ.

జనం అచ్చుల మీద పడ్డారు. హిందూరావు లెక్కపెట్టుకుంటున్నాడు. పావుగంట. కాదు, ఇంకా తక్కువే, ఖాళీ కడుపు. కణత మీద మొదటి చెమటబొట్టు పుట్టింది. గుండె తలుపు తట్టడం మొదలైంది. ఇక్కడ కూలబడితే రేపు ఈ ఊళ్ళోనూ అదే మాట, తినలేనివాడని.

"మామా, టీ పెట్టమన్నాను, కూర్చో" అని బాళాసో పొయ్యి వైపు తిరిగాడు.

హిందూరావు సంచి భుజాన వేసుకుని, చెరుకు పిప్పి కుప్ప వెనకనుంచి కాలువ గట్టెక్కాడు. నేల వాలుతున్నా అడుగు ఆపలేదు. ఒక్క మాటా చెప్పకుండా, వెనక్కి తిరగకుండా, చెరుకుతోట మలుపులో కనుమరుగయ్యాడు.