ఐలయ్య తాగని కల్లు

నా నోరు మంచిది కాదని మా బోరబండ బస్తీలో అందరూ అంటారు. అననీ. నా ఇంట్లో కిరాయికి ఉండిన ఐలయ్య సంగతి చెప్పాలంటే ఇలాంటి నోరే కావాలి. మంచి నోళ్లున్నవాళ్లంతా కలిసి ఆ మనిషిని తాగుబోతును చేశారు.

ఐలయ్యది జనగామ దగ్గర ఒక పల్లె. చేసేది సెంట్రింగ్ పని, అంటే స్లాబు పోసే ముందు కింద జాకీలనే ఇనప ఊతలు నిలబెట్టి చెక్కలు పరిచే పని. అప్పట్లో మాదాపూర్ వైపు గుట్టలు పగలగొట్టి ఆఫీసులు కట్టడం మొదలైంది. పనికి కొదవ లేదు గానీ ఆ పని మేస్త్రీ చేతిలో ఉండేది. ఐలయ్య వాళ్ల మేస్త్రీ పెంటయ్యకు ఒక పద్ధతి ఉండేది. ఆదివారం పొద్దున కల్లు కాంపౌండ్‌లో కూర్చుని, వచ్చే వారం ఎవరెవరు పనికి రావాలో అక్కడే చెప్పేవాడు. తనతో పాటు సీసా ఎత్తినవాడు తన మనిషి. ఎత్తనివాణ్ని చూస్తే "వీడు మన ముచ్చట్లు మోసేటోడు" అనేవాడు, వాడికి ఆ వారం పని ఉండేది కాదు.

ఐలయ్యకు కల్లు పడదు. గుక్క దిగితే చాలు, కడుపులోదంతా బయటికి వచ్చేది. అయినా ప్రతి ఆదివారం పోయి మేస్త్రీ పక్కనే గోడవారగా కూర్చునేవాడు. సీసా నోటిదాకా తెచ్చి, మాటల సందున గోడ వెనక్కి వంపేవాడు. కొంచెం అంగీ మీద చల్లుకుని ఊగుతూ ఇంటికి వచ్చేవాడు. ఒకసారి వాకిట్లో పట్టుకుని చెడామడా తిట్టాను. "నా ఇంట్ల ఉండి తాగి ఊగుతవా, సిగ్గు లేదా?" అన్నాను. అతని భార్య రేణుక నవ్వు ఆపుకోలేక నన్ను లోపలికి లాక్కెళ్లి అసలు సంగతి చెప్పింది. "ఎవలకు చెప్పకు పెద్దమ్మా, పని పోతది" అంది. ఓరి నీ వేషాలు పాడుగాను అనుకుని ఊరుకున్నాను.

ఒక ఎండాకాలం జాకీ జారి, పైన పరిచిన చెక్క ఐలయ్య నెత్తి మీద పడింది. తలకు చుట్టుకున్న తువ్వాల తప్ప అడ్డం ఏమీ లేదు. రక్తం రాలేదు, బొప్పి కట్టింది. పెంటయ్య పసుపు పెట్టించి, నీళ్లు తాగించి, ఆ పూట నీడన కూర్చోబెట్టాడు. మర్నాడు ఐలయ్య మళ్లీ పనికి పోయాడు. ఆ దెబ్బను అందరూ మరిచిపోయారు, తిన్నవాడితో సహా.

కొన్ని వారాలు పోయాక మొదలైంది. పొద్దున లేస్తూనే తలనొప్పి. ఎడమ చేతిలోంచి మేకులు జారిపోయేవి. ఎడమ కాలి చెప్పు దారిలో ఎక్కడో ఊడిపోతే ఇంటికి వచ్చేదాకా తెలిసేది కాదు. మాట ముద్దముద్దగా వచ్చేది. మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు. ఇన్నాళ్లూ వేషానికి ఊగిన మనిషి ఇప్పుడు నిజంగా ఊగుతున్నాడు. చూసేవాళ్లకు తేడా ఎట్లా తెలుస్తుంది? ఐలయ్యకు కల్లు ముదిరిందని బస్తీ అంతా తేల్చేసింది.

పెంటయ్య చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి. తనే ఆటో మాట్లాడి దవాఖానకు తీసుకెళ్లాడు. డాక్టరు "తాగుతావా?" అని అడిగాడట. ఐలయ్య నోరు తెరిచేలోపే పెంటయ్య "తాగుతడు సారూ, నా పక్కన కూసోనే తాగుతడు" అన్నాడు. ఐలయ్య తల ఊపాడు. మేస్త్రీ పక్కన నిలబడి ఉంటే ఊపక ఏం చేస్తాడు! ఆ రోజుల్లో మత్తు కలిపిన కల్లు తాగి, అది మానితే వణుకు, ఫిట్సు వచ్చి దవాఖానలకు వచ్చేవాళ్లు కొల్లలు. డాక్టరు తాను విన్నదానికి మందు రాశాడు. ఆ మాత్రలతో నిద్ర ఇంకా ఎక్కువైంది.

రెండో చోట కూడా అదే ప్రశ్న, అదే జవాబు. అక్కడ "ఒక్కసారే మాన్పించొద్దు, కొద్దికొద్దిగా తగ్గించండి" అన్నారు. ఇంకేముంది, ఆ సాయంత్రం పెంటయ్య సీసా పట్టుకుని మా వాకిట్లో ప్రత్యక్షం. "దవాయి అనుకోని తాగురా" అంటూ దగ్గరుండి పట్టించాడు. జన్మలో కల్లు పడని మనిషికి డాక్టరు పేరు చెప్పి కల్లు తాగించారు! ఐలయ్య భళ్లున కక్కుకున్నాడు. "చూసినవా రేణుకా, ఎంత ముదిరిందో" అన్నాడు పెంటయ్య, కళ్లనీళ్లు పెట్టుకుని. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అతను పోయాక రేణుక మొగుడి ఎదురుగా కూర్చుంది. "డాక్టర్‌కు నిజం చెప్తవా, లేదా?"

"చెప్తే మేస్త్రీకి తెలుస్తది. ఇన్నేండ్లు పక్కన కూసోని మోసం జేసిండంటడు. ఇగ నన్ను ఎవలు పనికి పిలుస్తరు?"

"పానం పోయినంక ఎవలు పిలుస్తరు?"

ఐలయ్య మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. నేనే ఉండబట్టలేక "నోరు మూసుకోని చస్తవారా బాడ్కావ్!" అని అరిచాను. అప్పటికే నిద్రపోయాడు.

ఒక రోజు పొద్దున ఎడమ కాలు మంచం మీంచి దించలేకపోయాడు. రేణుక, నేను, పెంటయ్య కలిసి మోసుకుని ఇంకా పెద్ద దవాఖానకు పోయాం. అక్కడ తల నరాల డాక్టరమ్మ, మాటను బట్టి కోస్తావైపు మనిషి, "రోజుకి ఎంత తాగుతాడండీ?" అంది.

"తాగడమ్మా. ఒక్క సుక్క గూడ తాగడు" అంది రేణుక.

"భార్యలందరూ ముందు అదే చెప్తారమ్మా" అంది డాక్టరమ్మ, రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తకుండా.

పెంటయ్య ముందుకు వచ్చాడు. "ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు, నా కండ్లతోని జూసిన. ఆమెకు తెల్వది." అతను అబద్ధం చెప్పడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది. నేను కూడా నోరు చేసుకున్నాను గానీ, ఇంటామె మాట ఎవరికి కావాలి?

రేణుక మొగుడి మొహాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "నా మాట ఇనరు. నువ్వే చెప్పాలె. గిప్పుడే చెప్పాలె."

ఐలయ్య డాక్టరమ్మను చూడలేదు, పెంటయ్యను చూశాడు. "మేస్త్రీ... నేను తాగలే. ఎన్నడు తాగలే. గోడెన్క పారబోసిన."

"మత్తుల ఏందో అంటుండు" అని నవ్వాడు పెంటయ్య.

"మత్తు కాదు. అందుకే గోడ పక్క జాగ ఎవలకు ఇయ్యకపోతుంటి. నువ్వే అంటుంటివి, ఆ జాగ నీ అయ్య రాసిచ్చిండా అని." ఒక్కో మాట ఈడ్చి ఈడ్చి చెప్పాడు.

పెంటయ్య నవ్వు ఆగిపోయింది. "ఇన్నేండ్లు?" అన్నాడు. ఐలయ్య తల ఊపాడు. పెంటయ్య మొహం మాడిపోయింది.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "అయితే తలకి దెబ్బ ఏమైనా తగిలిందాండీ, ఈమధ్య?"

పెంటయ్య లేదనవచ్చు. సైటు మీద దెబ్బ అంటే కాంట్రాక్టరు ముందు నిలబడాల్సింది తనే. పైగా అప్పుడే అంత కోపంలో ఉన్నాడు. కానీ గోడవైపు చూస్తూ "తగిలింది. చెక్క వడ్డది. నేను ఆడనే ఉన్న" అన్నాడు. అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

స్కానింగ్ తీశారు. ఆ దెబ్బకు పుర్రె లోపల కొద్దికొద్దిగా రక్తం ఊరి, పేరుకుని, మెదడును ఒత్తుతోందట. ఇంకొన్నాళ్లు చూడకపోతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరమ్మ చెప్పింది. పుర్రెకు రంధ్రాలు వేసి ఆ రక్తం తీసేశారు. తెలివి వచ్చాక ఐలయ్య ఎడమ చెయ్యి ఎత్తి రేణుక కొంగు పట్టుకున్నాడు. రేణుక ఏడ్చింది. దాచడమెందుకు, నేనూ ఏడ్చాను.

పెంటయ్య మాత్రం రాలేదు. ఐలయ్య పడుకున్నంతసేపూ తలుపు వైపే చూసేవాడు. ప్రాణం దక్కింది, ఇక బతకడం ఎట్లా అన్నది అతని దిగులు. మేస్త్రీ వదిలేసిన మనిషిని ఇంకో మేస్త్రీ ముట్టుకోడు.

ఇంటికి పంపించే ముందు రోజు పెంటయ్య బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. మంచం పక్కనున్న రేణుకనూ నన్నూ పట్టించుకోకుండా స్టూలు మీద కూర్చున్నాడు. తర్వాత నేలచూపులు చూస్తూ మొదలుపెట్టాడు.

"తాగనందుకు కాదురా నాకు కోపం. నువ్వు గూడ తాగినవనుకోని నీకు ఏమేమో చెప్పుకున్న. మా చిన్నపిల్ల సంగతి... ఇంట్లదానికి గూడ చెప్పనిది నీకు చెప్పుకోని ఏడ్చిన. తెల్లారితే ఇద్దరికి యాదుండదనుకున్న. నువ్వు హోష్‌ల, తెలివిల ఉండి ఇన్నవ్. ఇగ నీ మొకం ఎట్ల జూడాలె నేను?"

ఐలయ్య తలకట్టు మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఏం సంగతి మేస్త్రీ? నాకు యాదికొస్తలేదు."

"ఏంది?"

"నెత్తికి దెబ్బ తగిలినంక శాన పోయినయి. కాంపౌండ్‌ల కూసున్నట్టు యాదున్నది. ఏం మాట్లాడుకున్నమో ఒక్క ముక్క గూడ లేదు."

"నిజంగనే?"

"నెత్తి లోపట అంత రక్తం ఉంటే ఏం ఉంటది మేస్త్రీ?"

పెంటయ్య అతని మొహంలోకి తేరిపార చూశాడు. తర్వాత ఒక బత్తాయి ఒలిచి, తొనలు అతని ఎడమ చేతిలో పెట్టాడు. "నయమైనంక రా. కొన్ని దినాలు మీదికి ఎక్కకు, కింద పని చూద్దువు" అన్నాడు. లేచి, తువ్వాలతో మొహం గట్టిగా తుడుచుకుని వెళ్లిపోయాడు.

రేణుకకు భయం పట్టుకుంది. "నిజంగనే మర్చిపోయినవా? డాక్టరమ్మకు చెప్పి వస్త" అని లేవబోయింది.

ఐలయ్య ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఒక్కటి గూడ మర్వలే. ఆ పిల్ల సంగతి మాత్రం నన్ను అడగకుండ్రి" అన్నాడు.

మేము అడగలేదు.