లడ్డూ అందని ఇల్లు

గోదావరిఖనిలో వారసత్వ ఉద్యోగాల ఫైళ్లు నడిపే పైరవీకారు ఒకడుండేటోడు. చాయ్ హోటల్ల కూసొని అగ్గిపుల్లతోని చెవి గెలుక్కునేటోడు, ఆ పుల్లను వాసన చూసేటోడు, అదే చేత్తోని మన కాయితాలు పట్టేటోడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

నా దోస్తు తన బావ పేరు మీద బొగ్గుబాయిల చేరిండు. అప్పట్ల గిట్ల మారుపేర్లతోని చేరినోళ్లు మస్తుమంది. చివరికి మెడికల్ అన్‌ఫిట్ అయిండు. కొడుక్కు ఆ నౌకరీ ఇద్దామంటే కాయితాలల్ల తండ్రి పేరు కలుస్తలేదు. డీఎన్ఏ పరీక్షొక్కటే దిక్కన్నరు. చుక్క నెత్తురుల నుంచి డీఎన్ఏ తీసి, దాని ముక్కలకు లక్షల నకళ్లు చేసి, తండ్రీకొడుకులవి పక్కపక్కన పెట్టి చూస్తరట.

పైరవీకారు పుల్ల వాసన చూసుకుంట నా దోస్తు భార్యను, మా వదినెను, అందరి ముందట అడిగిండు: "పరీక్షల అన్నీ బయటపడ్తయ్ అక్కా. ముందే యాది చేసుకో, ఇంకెవలన్న ఉన్నరా?"

"బిందెడు నెత్తురు తీసుకోమను," అన్నది వదినె.

నేను వాని కాలర్ పట్టి మురికి మోరీల పడేసిన.

ఊరంత గట్లనే చెప్పుకుంట తిరిగిన గని, అబద్ధం. నా కొడుకు ఫైలు సుత వాని చేతులనే ఉండె. వాడు అడిగినదానికి హోటలంత నవ్వింది. అందరికంటె గట్టిగ నేను నవ్విన.

పరీక్ష కలిసింది, పిలగానికి నౌకరొచ్చింది. వదినె మా క్వార్టర్లల్ల ఇంటింటికి లడ్డూలు పంచింది. ఆ పైరవీకారుకు సుత ఇచ్చింది. మా తలుపు దాటి పక్కింటికి పోయింది.